ఎలకలకు పోసిన తియ్యనీళ్ళు

ఎలకలకు నీళ్ళు పోసేదానికి కూడా జీతమిస్తారా అని మా వీధి ఆడోళ్ళు నవ్వేవాళ్ళు. ఇస్తారు. నాకు ఆరేండ్లు ఇచ్చినారు. ఆ ఆరేండ్లలో నేను మరిచిపోయి ఒక్క బోను తలుపు తెరిచిపెట్టింది లేదు, ఒక్క సీసా ఎండబెట్టింది లేదు. అయినా ఆ ఎలకల గది మూతబడిందంటే నావల్లనే. ఇరవై రోజులు నేను చేసిన ఒక పని, ఆ తర్వాత ఒక పొద్దున నా నోట్లోంచి వచ్చిన రెండు మాటలు. వాటి గురించి రాస్తాండాను.

నేను చదివింది మూడో తరగతి దాకా. రాసేది నిదానం. ఈ కాలేజీల్లో, ప్రయోగాలు చేసే చోట్ల కొత్తగా పనికి చేరే పిల్లలు ఎవరన్నా చదువుతారేమోనని రాస్తాండాను. నన్ను చూసి జాలిపడమని కాదు. మీరు ఆ పని చేయకుండా ఉండాలని.

పెండ్లయినాక నేను ఉరవకొండ పక్క పల్లెలో చెనక్కాయల చేన్లలో కూలికి పోయినదాన్ని. మా ఆయన పోయినాక అనంతపురం దగ్గర మా పుట్టింటి వీధికి వచ్చేసినాను. ఆ వీధిలోనే మా తమ్ముడు ఉంటాడు. పక్కనే ఒక కాలేజీ. అక్కడ ఊడ్చే పనికి చేరితే, రెండు నెలలకు నన్ను వెనకవైపు ఎలకల గదికి మార్చినారు. ఎందుకంటే నేను దేన్నీ పారేసే మనిషిని కాను. ఎలకల కింద పరిచే పొట్టు మూట విప్పినాక ఆ గోతం ఉతికి ఆరబెట్టి గడప దగ్గర కాళ్ళు తుడుచుకునేదానికి వేసేదాన్ని. మూతి పగిలిన సీసాకు రబ్బరు బిరడా మార్చి ఇంకో ఆరు నెలలు వాడేదాన్ని. ఆ గదిని చూసుకునే పెద్ద సారు గుంటూరు వైపు నుంచి వచ్చినాయన. వచ్చిన వాళ్ళందరికీ నన్ను చూపించి, "ఈవిడ ఉండబట్టే మా గ్రాంటు ఏడాదికి బదులు ఏడాదిన్నర వస్తోందండీ" అనేవాడు. ఆ మాటకు నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వమే నన్ను ముంచింది, కానీ అది తర్వాత సంగతి.

గ్రాంటంటే ఏమో మీకు తెలిసే ఉంటాది. మనిషికొచ్చే జబ్బును ఎలకకు తెప్పించి, దానికి మందు వెతికితే, రేపు అదే మందు మనిషికి పనికొస్తాదని నమ్మి యాడనో ఢిల్లీలో కూర్చున్న పెద్దోళ్ళు దుడ్లిస్తారు. ఆ దుడ్లతోనే మేత బిళ్ళలు, పొట్టు, నీళ్ళు, ఫ్యాన్ల కరెంటు, నా కూలి. వస్తాయని చెప్తారు, ఎప్పుడొస్తాయో చెప్పరు. మా జిల్లాలో వానకోసం ఆకాశం చూసినట్ల సారు పొద్దున్నే కంప్యూటర్ తెరిచి చూసేవాడు.

మా గదిలో చూస్తాండిన జబ్బు ఫ్లోరైడ్ జబ్బు. నీళ్ళలో ఉండే ఒక ఉప్పు ఎముకల్లో చేరి, మనిషి నడుము వంగిపోవడం, కీళ్ళు బిగుసుకుపోవడం. తెల్ల ఎలకలు మూడు వరసలు. మొదటి వరసకు ఒట్టి శుభ్రమైన నీళ్ళు. రెండో వరసకు ఫ్లోరైడ్ కలిపిన నీళ్ళు. మూడో వరసకు అవే ఫ్లోరైడ్ నీళ్ళు, కానీ మేతలో చింతపండు గుజ్జు. చింతపండు తింటే ఆ ఉప్పు ఎముకల్లో చేరకుండా ఒంట్లోంచి వెళ్ళిపోతాదా లేదా అని చూడటం. ఎలకల్లో అది నిజమని తేలితే, తర్వాత పల్లెల్లో మనుషులకు ఇచ్చి చూస్తారని సారు చెప్పినాడు.

ఆ మాట విన్న పొద్దు నేను ఇంటికి పోయి మా తమ్ముణ్ణి చానాసేపు చూసినాను. వాడు నాకంటే నాలుగేండ్లు చిన్న. క్వారీలో రాళ్ళు కొట్టినవాడు. ఎండకు చెంబులు చెంబులు నీళ్ళు తాగేవాడు. యాభై దాటేసరికి మెడ బిగుసుకుపోయింది. ఎవరన్నా పక్కనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాల. వీధిలో అందరూ వాతమన్నారు, నూనెలు రాసినారు. ఇది ఫ్లోరైడేమో అని నాకు అనుమానముండింది, కానీ ఎవరికీ చెప్పలేదు. పనిచేసే చోట ఇంటి గోడు చెప్పుకునేది నాకు ఇష్టముండదు. చింతపండు పనిచేస్తాదని తేలితే చాలు, చింతపండుకు మా ఇంట్లో కరువు లేదు, అనుకున్నాను.

ఈ ప్రయోగమంతా తన చేతిమీద నడిపింది ఒక పాప. ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ళ బిడ్డ. పీహెచ్‌డీ చేస్తాండె. నన్ను అవ్వా అని పిలిచేది. నాకు కోపమెక్కువ, గదిలోకి చెప్పులతో ఎవరొచ్చినా అరిచేదాన్ని, ఆ పాప మీద కూడా అరిచినాను. ఆయమ్మ నవ్వి, "అవ్వా, ఈ ఎలకలు నాకంటే నీకే ఎక్కువ భయపడతాయి" అనేది. వాళ్ళ నాయన నేసిన చీరల్లో మిగిలిన పట్టు దారాలు తెచ్చి మూడు వరసల బోన్లకు మూడు రంగులు కట్టింది, నేను తడబడకుండా. శుభ్రమైన నీళ్ళకు పచ్చ, ఫ్లోరైడ్‌కు ఎర్ర, చింతపండుకు పసుపు. నేను ఒక్కనాడు తడబడలేదు.

ఆ ప్రయోగం మొదలైన రెండో ఏడాది ఎండాకాలంలో రావాల్సిన దుడ్లు రాలేదు. మొదట నా జతన పనిచేసే ఆయన్ను మానిపించినారు. తర్వాత నా కూలి నిలిచిపోయింది, మూడు నెలలు. తర్వాత నీళ్ళను ఆవిరిపట్టి శుభ్రం చేసే యంత్రం కాలిపోయింది. స్టోరు గుమాస్తా దగ్గరికి పోతే, ఆయన కుర్చీలోంచి లేవకుండా, "ఏమవ్వా, ఎలకలకు గూడ ఎండాకాలం సెలవులియ్యండి, మేమూ సల్లగుంటాం" అన్నాడు.

"నీకు సెలవులిస్తే పనేమన్నా ఆగుతాదా అప్పా? ఎలకలకిస్తే ఆగుతాది" అంటి.

పక్కనున్నోళ్ళు నవ్వినారు. యంత్రం మాత్రం బాగుకాలేదు. అప్పటినుంచి బజారులో నీళ్ళ ప్లాంటు నుంచి క్యాన్లు తెప్పించేది మొదలుపెట్టినారు. రోజుకొక క్యాన్. తాగేదానికి కొంత, సీసాలు కడిగేదానికి కొంత.

సారు ఇంక లాభం లేదని ఢిల్లీకి తానే పోతానన్నాడు. అదే వారంలో పాప హైదరాబాదుకు పోవాల్సి వచ్చింది, ఎముకలు కాల్చి బూడిద చేసి అందులో ఫ్లోరైడ్ కొలిచే పని ఒక పెద్ద ల్యాబులో నేర్చుకునేదానికి. పోయే ముందర ఆ పాప ఫ్లోరైడ్ నీళ్ళు డ్రమ్ముల్లో కలిపిపెట్టి మూత బిగించింది. సారు నా చేతికి తన జేబులోంచి దుడ్లు తీసి ఇచ్చినాడు.

"ఇవి క్యాన్లకమ్మా. పచ్చదారం వరసకు క్యాన్ నీళ్ళే పొయ్యాలి. సీసాలూ వాటితోనే కడగాలి. ఏదన్నా ఇబ్బందయితే ఫోన్ చెయ్యండి."

"మీరు పోయిరండి సారూ" అన్నాను. క్యాన్ నీళ్ళే ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

నాలుగో రోజుకు మేత మూట అడుగంటింది. మేత తెచ్చే ఆటో అతను గేటు దగ్గరే నిలబడి, "పాత బాకీ సంగతి సారు చూసుకుంటాడులే అవ్వా, కొత్త మూటకు మాత్రం చేతిలో దుడ్లు పెడితేనే దించుతా" అన్నాడు. మేత లేకపోతే ఎలకలు ఏం చేస్తాయో నేను ముందొకసారి చూసినాను. ఒక బోన్లో మూడు పెడితే తెల్లారి రెండే మిగులుతాయి. నా దగ్గరున్నవి క్యాన్ల దుడ్లు. నాకే కూలి రాక అప్పటికి మూడు నెలలు.

ఫోన్ చేసుంటే అయిపోతాండె. చేయలేదు. ఢిల్లీలో దుడ్లకోసం వాకిలి వాకిలి తిరుగుతాండే మనిషిని నేను ఈడనుంచి దుడ్లడిగేదేమి అనిపించింది. ఇంకో సంగతి కూడా ఉండాది, దాచుకోకుండా రాస్తాను. నీళ్ళు కొనేదంటేనే నాకు కడుపుమంట. మనిషి తాగేదానికి నీళ్ళు కొంటే సరే, ఎలక తాగేదానికి, సీసా కడిగేదానికి కూడా కొనాల్నా? మా వీధి మొదట్లో బోరింగు ఉండాది. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఉప్పునీళ్ళు. మా బోరింగులో మాత్రం తియ్యనీళ్ళు. పప్పు బాగా ఉడుకుతాది, సబ్బు నురగ వస్తాది. ఆ నీళ్ళకోసం పక్క వీధుల ఆడోళ్ళు బిందెలు వరసపెట్టి కొట్లాడుకుంటారు. మా సీమలో నీళ్ళు మంచివా కాదా అని చూసేదానికి మాకు తెలిసిన పద్ధతి ఒకటే, గుక్కెడు నోట్లో పోసుకుని చూడటం. తియ్యగుంటే మంచివి. ఉప్పగుంటే చెడ్డవి. ఫ్లోరైడంటే ఉప్పు అని సారు చెప్పినాడు కదా, ఉప్పయితే ఉప్పగా ఉంటాదనుకున్నాను.

క్యాన్ల దుడ్లతో మేత దించుకున్నాను. ఖాళీ క్యాన్ చంకన పెట్టుకుని ఇంటికి పోయి, మా బోరింగు నీళ్ళు పట్టి, ఊరక పోస్తే బాగుండదని కట్టెల పొయ్యిమీద మూడు పొంగులు వచ్చేదాకా కాంచి, చల్లార్చి, తెల్లగుడ్డలో వడగట్టి మోసుకొచ్చినాను. ఇరవై రోజులు అదే పని. మా తమ్ముడు గడపలో కూర్చుని, "అక్కా, మనకు పచ్చినీళ్ళు, నీ ఎలకలకు కాంచిన నీళ్ళా? వచ్చే జనమకు నేను ఎలకగా పుడతాలే" అని ఎగతాళి చేసినాడు.

గదిలో ఒక రిజిస్టరు ఉండేది. అందులో "క్యాన్ నీళ్ళు" అని పాప రాసిన గడిలో రోజూ నేను ఒక టిక్కు పెట్టాల. ఇరవై టిక్కులు పెట్టినాను. నీళ్ళు క్యాన్లోనే తెచ్చినాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

సారు తిరిగొచ్చినాడు, పాపా వచ్చేసింది. మిగిలిన దుడ్లు ఇచ్చే ముందు ఒక కమిటీ వచ్చి పని చూస్తాదంట, వాళ్ళు బాగుందంటే ఆ దుడ్లూ వస్తాయి, పల్లెల్లో మనుషులకు చింతపండు ఇచ్చి చూసేదానికి కొత్త దుడ్లూ వస్తాయంట. మేత ఎట్ల తెచ్చినారని సారు అడగలేదు. ఎలకలన్నీ నిగనిగలాడుతాండాయి. "మీరుంటే నాకేం భయంలేదమ్మా" అన్నాడు. మళ్ళీ క్యాన్లు వచ్చినాయి.

తర్వాత ఎముకలు తీసే రోజు వచ్చింది. మత్తుపెట్టి చేస్తారు, వాటికి నొప్పి తెలీదు. అయినా ఆ పొద్దు నేను అన్నం తినలేదు. ఇంటికి పోయి తలకు పోసుకున్నాను. ఒక్కొక్క బోను కడిగి ఎండకు బోర్లించేటప్పుడు, వీటి పాణం ఊరక పోలేదు, దీనివల్ల పది ఊర్లు బాగుపడతాయి అనుకున్నాను. నాకు ఆ ఓదార్పు కావాల్సి ఉండింది.

వారం తర్వాత పాప మొహం మారిపోయింది. పచ్చదారం ఎలకల ఎముకల్లో ఫ్లోరైడ్ ఉండకూడనంత ఉండాది. ఎర్రదారం వాటంత కాదు, కానీ ఉండాది. పసుపుదారం ఎలకలవి దాదాపు పచ్చదారం వాటి పక్కకే వచ్చినాయంట. చింతపండు పనిచేసిందని చెప్పుకోవచ్చు. కానీ శుభ్రమైన నీళ్ళు తాగిన ఎలకల్లోనే ఉప్పు కనబడితే, కొలత తప్పనుకుంటారు కానీ చింతపండు మంచిదని ఎవరు నమ్ముతారు? పాప మళ్ళీ కొలిచింది. గాజు సామానంతా కడిగి మళ్ళీ కొలిచింది. మేత కొలిచింది. నా దగ్గరికొచ్చి, "అవ్వా, క్యాన్ నీళ్ళు ఒక సీసాడు ఇస్తావా?" అంది. ఇచ్చినాను. ఆ పొద్దు బజారు నుంచి వచ్చిన క్యాన్లోవి. వాటిల్లో ఏమీ లేదు. ఉండదు కదా.

అప్పుడన్నా నాకు తెలిసిందా అంటే, తెలిసీ తెలీనట్లుండె. కానీ తియ్యనీళ్ళు చెడ్డవెట్లయితాయి, వీధంతా తాగుతాది, నేను తాగుతాండా అని దాన్ని అణిచిపెట్టినాను. సారు ఒకనాడు అందరిముందరా పాపతో, "నీ చేతిలో శ్రద్ధ లేదమ్మా. ఇన్నాళ్ళ పని, ఇన్ని ప్రాణాలు, నీ చేతుల్లో పాడైపోయింది" అన్నాడు. ఆ పాప ఏడవలేదు. తలొంచుకుని తన చేతులకెల్లి చూసుకుంది. నేను ఆ పక్కనే నిలబడి సీసాలు తుడుస్తాండాను.

కమిటీ వచ్చింది. ముగ్గురు. అందులో పెద్దాయన బెంగళూరు నుంచి వచ్చినాడు, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. లెక్కలన్నీ చూసినాక లేచి, నేరుగా ఎలకల గదిలోకి వచ్చినాడు. గడప బయటే చెప్పులు విడిచినాడు, నేను చెప్పకముందే. పాప రిజిస్టరు చూపించింది. ఆయన ఆ టిక్కులమీద వేలు పెట్టుకుంటూ పోయి నాకెల్లి తిరిగినాడు.

"ఏనమ్మా, ఈ వరస అంతా నీ చేతి మీదనే నడిచిందంట. శానా శుద్ధంగా పెట్టినావు."

"అవును సారూ."

"ఒక మాట అడుగుతా. నీళ్ళు ఎప్పుడూ ఈ క్యాన్ నీళ్ళేనా? ఒక్క దినం గూడ మారలేదా? మారింటే చెప్పమ్మా, తప్పేమీ లేదు. మారింటే ఇదంతా సరిపోతాది, ఈ పిల్ల కొలత సరి అని తేలతాది."

అంత తేటగా అడిగినాడు. వాకిలి తెరిచి, లోపలికి రమ్మని చేయి చూపించినట్ల అడిగినాడు. పాప నన్నే చూస్తాండాది. సారు చూస్తాండాడు. వెనక స్టోరు గుమాస్తా చేతులు కట్టుకుని నిలబడుండాడు. నా కళ్ళకు ఆయన తప్ప ఇంకెవరూ కనబడలేదు. నీళ్ళు మారినాయంటే, క్యాన్ల దుడ్లు ఏమయినాయని మొదట ఆయనే అడుగుతాడు. మేతకు పెట్టినానంటాను. చీటీ యాడ అంటాడు. ఆటో అతను చీటీ ఇయ్యలేదు. ఆకలితో ఉన్నా ఒకరి గింజ ముట్టని మనిషిని, ముసలితనంలో నీళ్ళ దుడ్లు తిన్నదని పేరొస్తాది.

"మారలేదు సారూ" అన్నాను.

ఆయన ఇంకొంచెంసేపు నా మొహం చూసినాడు. తర్వాత రిజిస్టరు మూసినాడు.

ఆ సాయంత్రమే తేలిపోయింది. కొలతలు నమ్మేటట్టు లేవు కాబట్టి మిగిలిన దుడ్లు ఇయ్యరు. పల్లెల పని లేదు. పాపకొచ్చే నెల దుడ్లు కూడా ఆ గ్రాంటులోవే, అవీ ఆగిపోయినాయి.

మరుసటి రోజు పొద్దున్నే మా బోరింగు దగ్గరికి పోయి ఒక సీసా నింపుకుని పోయినాను. ఎందుకు పోయినానో అడగొద్దు. నిద్ర పట్టలేదు, అంతే. పాప తన సామాను అట్టపెట్టెల్లో సర్దుకుంటాండె.

"పాపా, ఈ నీళ్ళు కూడా చూడు."

"ఎందుకవ్వా ఇప్పుడు? అయిపోయె గదా."

"చూడు."

ఒక కడ్డీ ముంచి చూసే యంత్రం ఉండేది. ముంచింది. అంకె చూసి కడ్డీ కడిగి మళ్ళీ ముంచింది. మూడోసారి కూడా ముంచింది. తర్వాత కుర్చీలో కూర్చుంది.

"ఇవి యాడ నీళ్ళవ్వా?"

"మా వీధి బోరింగువి. తియ్యనీళ్ళు పాపా."

"ఎన్ని దినాలు పోసినావు?"

నేను పోసినానని చెప్పనేలేదు. అయినా ఆ పాపకు అర్థమైపోయింది. "ఇరవై" అన్నాను.

"పచ్చివా?"

"లేదు లేదు, మూడు పొంగులు కాంచినా. వడగట్టినా. శుద్ధంగా ఉండాలని."

ఆ పాప నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నాకు బాగా గుర్తు, దాంట్లో నవ్వు లేదు. "కాంచితే నీళ్ళు ఆవిరైపోతాయి, అది పోదవ్వా. ఇంకా చిక్కబడుతుంది. దానికి రుచి ఉండదు, వాసన ఉండదు. ఉప్పగా ఉంటాదనుకున్నావా?" తర్వాత మెల్లగా అడిగింది. "అవ్వా, మీ ఇంట్లో ఎవరికన్నా నడుమో మెడో పట్టేసిండాదా?"

"మా తమ్మునికి మెడ తిరగదు."

"ఎన్నేండ్లనుంచి తాగుతాండాడు ఈ నీళ్ళు?"

"పుట్టినప్పటినుంచి."

ఆ పాప యంత్రం ఆపేసి, చేతులు బల్లమీద పెట్టి చూసుకుంది, సారు తిట్టిననాడు చూసుకున్నట్లే. "నా చెయ్యి తప్పు కాదు" అంది, నాతో కాదు. అప్పుడు లేచి నిలబడి నాతో అంది, గొంతు పెంచి, మొదటిసారి. "నిన్న ఆయన అడిగె గదవ్వా! తప్పేమీ లేదని చెప్పి మరీ అడిగె! నువ్వు ఒక్కమాట అనింటే నా కొలత సరైందని ఆడనే తేలిపోతాండె. పచ్చదారం వరస ఒక్కటే మళ్ళీ చేయమంటాండ్రి. మూడు నెలలు. మూడు నెలల పని!"

ఆ పాప చేయి అంత సరిగ్గా ఉండబట్టే నా తప్పు ఎముకల్లోంచి బయటపడింది. ఆ చేతినే అందరూ తప్పన్నారు, నేను విని గమ్మునుండినాను.

సారు దగ్గరికి ఇద్దరం పోయినాము. మొత్తం చెప్పినాను, మేత సంగతి, టిక్కుల సంగతి. తిడతాడనుకున్నాను. తిట్టుంటే బాగుండు. "ఫోన్ చేస్తే సరిపోయేదిగా అమ్మా" అన్నాడు. మళ్ళీ తనే, "క్యాన్ నీళ్ళే ఎందుకో నేనూ మీకు చెప్పలేదు. ఎలకల పని కదా, మీకెందుకనుకున్నాను" అన్నాడు. తర్వాత పాపకెల్లి తిరిగి, "నన్ను క్షమించమ్మా" అన్నాడు. దుడ్లు ఏమయినాయని ఎవరూ అడగలేదు. నేను ఏ మాటకు భయపడి ఆ అబద్ధం ఆడినానో, ఆ మాట ఎవరి నోట్లోంచీ రాలేదు.

సారు కమిటీకి ఉత్తరం రాసినాడు. జవాబు వచ్చేదానికి రెండు నెలలు పట్టింది. ఈ ఏడాది దుడ్లు వేరే పనికి కేటాయించేసినారంట, రిజిస్టరులో ఒకటి ఉండి, అడిగినప్పుడు అదే చెప్పి, దుడ్లు లేవన్నాక వేరే చెప్తే సాకనుకోవాల్సి వస్తాదంట, కావాలంటే కొత్తగా అర్జీ పెట్టుకోవచ్చంట. కొత్తగా పెట్టేదానికి ఎలకలు లేవు, ఎముకలు బూడిదైపోయినాయి, సారుకు రిటైరయ్యే వయసొచ్చింది. బోన్లన్నీ కడిగి, ఎండబెట్టి, స్టోరుకు అప్పజెప్పింది నేనే. గుమాస్తా ఒక్కొక్కటి ఎంచుకుని, "ఒక్కటి కూడా తుప్పు పట్టలేదే అవ్వా" అన్నాడు. మెచ్చుకునే అన్నాడు పాపం.

ఆ పాప పోయే ముందు మా వీధికి వచ్చింది. నేను పిలవలేదు. చేతిలో చిన్న పరీక్ష పెట్టె పట్టుకుని బోరింగు దగ్గర నిలబడి ఆడోళ్ళకు చెప్పింది. ఎర్ర చీర కట్టుకున్న ఒకామె బిందె నింపుకుంటూనే, "తియ్యగుండాయి కదమ్మా నీళ్ళు! ఉప్పునీళ్ళోళ్ళు పంపించినారా నిన్ను?" అంది. అందరూ నవ్వినారు. పంచాయతీ ఆఫీసుకు పోతే, పరీక్ష ఎవరు చేసినారు, కాగితం యాడ అన్నారు. పాప రాసిచ్చిన కాగితం మీద కాలేజీ ముద్ర లేదు. ఆ ప్రయోగం నిలబడుంటే ముద్ర ఉండేది. ఇప్పుడు వీధిలో సగంమంది క్యాన్లు కొంటారు. మిగిలినోళ్ళు కొనలేరు. బోరింగు ఇంకా తియ్యగానే వస్తాంది.

పాప ఇప్పుడు కొత్తచెరువులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్తాంది. ఫోన్ చేస్తే మాట్లాడతాది. పీహెచ్‌డీ సంగతి నేను అడగను, ఆ పాప చెప్పదు. ఒకసారి మాత్రం, "అవ్వా, నా పిల్లకాయలకు నీ కథ చెప్పినా. పేరు చెప్పలేదులే" అంది. చెప్పమన్నాను.

పనికి చేరే పిల్లల్లారా, పని చెప్పే పెద్దోళ్ళు ఎందుకో చెప్పకపోతే మీరే అడగండి. సిగ్గుపడొద్దు. ఒక రూపాయి మిగిల్చేదానికి పద్ధతి మార్చాల్సొస్తే, మార్చే ముందు నోరు తెరవండి. మార్చేసినాక అయినా తెరవండి. నేను నా జీవితంలో ఎన్నో మిగిల్చినాను. గోతాలు, సీసాలు, సబ్బు ముక్కలు. ఆ పొద్దున మాత్రం నా పేరొకటి మిగుల్చుకుందామని చూసినాను. దానికోసం ఖర్చయింది నాది కాదు.

మా తమ్ముడికి ఇప్పుడు క్యాన్ నీళ్ళే. నేనే కొంటాను, కడుపుమంట లేకుండా కొంటాను. మెడ మాత్రం అట్లనే ఉండాది. వాడికి సంగతంతా చెప్పినాను. నామీద కోపం చేసుకోలేదు. ఒక్కటే అడిగినాడు.

"అయితే ఆ చింతపండు పనిచేసిందా అక్కా?"

"తెలీదురా."

"అన్ని ఎలకల్ని సంపి కూడా తెలీదా?"

"తెలీదు. పనిచేసినట్లే కనబడిందంట. ఎవరూ నమ్మలేదు."

అప్పటినుంచి రోజూ సంగటిలోకి చింతపండు పులుసు చేస్తాను. నిన్న మధ్యాన్నం గిన్నె ముందర పెట్టుకుని, "ఇంగ రవంత పోస్తావా, ఇది చాలునా?" అని అడిగినాడు. ఎంత తాగితే మంచిదో, ఎంత తాగితే చాలో, అసలు మంచిదో కాదో, తెలుసుకునే వీలు ఒకప్పుడు ఉండింది. గంటె ముంచినాను. వాడు గిన్నె ముందుకు జరిపినాడు. పోసినాను.